కరెంటు పెంచితే రెసిస్టెన్స్ ఎందుకు తగ్గింది? ఆక్సైడ్ పొరల దగ్గర తెగని పంచాయితీ

తిరుపతిలో ఎం.ఎస్సీ. ఫిజిక్స్ చదివే మా అక్క కొడుకు పోయిన నెల ఒక రాత్రి పదకొండు దాటాక ఫోన్ చేసి "మామా, ఓమ్ నియమం పనిచేయడం లేదు" అన్నాడు. ల్యాబులో మాంగనైట్ అనే ఆక్సైడ్ పొర రెసిస్టెన్స్ టెంపరేచర్‌తో ఎలా మారుతుందో కొలుస్తుంటే రెండు గీతలు వచ్చాయట. ఒకే ముక్క, అవే వైర్లు, అదే మీటరు. 10 మైక్రోఆంపియర్ల కరెంటుతో కొలిస్తే ఒక గ్రాఫు, 1 మిల్లీఆంపియరుతో కొలిస్తే దానికి కిందుగా ఇంకో గ్రాఫు. రెండూ ఒకదాని మీద ఒకటి పడాలి కదా, వోల్టేజీని కరెంటుతో భాగిస్తే వచ్చేదే రెసిస్టెన్స్ అయినప్పుడు కరెంటు ఎంతయితే ఏంది? కాంటాక్టులు మళ్లీ పెట్టి చూడమన్నారు సీనియర్లు. పెట్టాడు, మళ్లీ అదే. వైవా పది రోజుల్లో ఉంది, వాడి టెన్షన్ వాడిది.

"మెదడులా గుర్తుపెట్టుకునే చిప్", "అయస్కాంతం పెడితే లక్ష శాతం మారే పదార్థం" అని ఈ మధ్య వీడియోలు తెగ తిరుగుతున్నాయి. మా వాడి రెండు గీతల మధ్య ఉన్న ఖాళీ, ఆ వీడియోల్లో చెప్పే సంగతులు దగ్గరి చుట్టాలే. అందుకే మొదటి నుంచి చూద్దాం, కాస్త ఓపిక పట్టండి.

## ఆ ముక్క చేతిలో పెట్టుకుంటే

మామూలుగా ఇది చిటికెన వేలి గోరంత ఉంటుంది, 5 మిల్లీమీటర్ల చదరం. అందులో చాలా భాగం అసలు పదార్థమే కాదు, అడుగున ఉండే అర మిల్లీమీటరు మందం స్ఫటికం, దాన్నే సబ్‌స్ట్రేట్ అంటారు. ఎక్కువగా స్ట్రాన్షియం టైటనేట్ వాడతారు. దాని మీద నల్లగా మెరిసే పొర మన ఆక్సైడ్, మందం 100 నానోమీటర్లు. మన వెంట్రుక మందంలో సుమారు ఏడు వందో వంతు అన్నమాట. అణువుల వరసల్లో లెక్కేస్తే 250 వరసల పైచిలుకు, అంతే.

ఇంత పలుచగా ఎలా పూస్తారంటే, గాలి తీసేసిన గదిలో ఆక్సైడ్ బిళ్లను లేజర్ పల్సులతో కొడతారు, లేచిన ఆవిరి ఎదురుగా ఎర్రగా కాగి ఉన్న స్ఫటికం మీద పొరలు పొరలుగా కూర్చుంటుంది. 1987లో సూపర్‌కండక్టర్ల ఊపు మీద అమెరికాలో టి. వెంకటేశన్, ఆయన సహచరులు ఈ పద్ధతిని ఆక్సైడ్ల మీద చేసి చూపించాక అది అన్ని దేశాలకూ పాకింది.

మా వాడి ముక్క బయట తయారైంది. పొరలో 50 మైక్రాన్ల (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్) వెడల్పు, 100 మైక్రాన్ల పొడవు ఉన్న సన్నటి దారి ఒక్కటే మిగిల్చి తక్కినదంతా చెక్కేశారు. దానికి నాలుగు వెండి పేస్టు చుక్కలు, నాలుగు వైర్లు. రెండింటిలో కరెంటు పంపి మిగతా రెండింటి మధ్య వోల్టేజీ చూస్తే చుక్కల సొంత రెసిస్టెన్స్ లెక్కలోకి రాదు. అందుకే "కాంటాక్టులు సరిచేసుకో" అన్న సలహా అక్కడ అంతగా పనికిరాలేదు.

చల్లబరచడానికి ద్రవ నత్రజని కావాలి. మన చిత్తూరు వైపు పాడి రైతులకు అది కొత్తేం కాదు, పశువుల ఆసుపత్రిలో మూత తీయగానే తెల్లటి పొగ దిగజారే క్యాన్ చాలామంది చూసే ఉంటారు, ఆవులకు సూది వేసే స్ట్రాలు దాచేది అందులోనే. మైనస్ 196 డిగ్రీలు, అంటే 77 కెల్విన్. ల్యాబులోకి వచ్చేదీ అదే సరుకు.

## లక్ష శాతం ఎక్కడ నుంచి వచ్చింది

అయస్కాంత క్షేత్రం పెడితే రెసిస్టెన్స్ మారడాన్ని మ్యాగ్నెటోరెసిస్టెన్స్ అంటారు. విషయం చాలా పాతది, 1850లలోనే విలియం థామ్సన్ (తర్వాత లార్డ్ కెల్విన్ అయింది ఈయనే) ఇనుములో, నికెల్‌లో చూశాడు. అక్కడ మార్పు శాతాల్లో చిన్న అంకె. 1988లో లోహపు పొరలను ఒకదాని మీద ఒకటి పేర్చి ఆల్బర్ట్ ఫెర్ట్, పీటర్ గ్రూన్‌బెర్గ్ ఎవరికి వాళ్లు పెద్ద మార్పు చూపించారు, హార్డ్ డిస్కుల్లోకి వెళ్లింది అదే, 2007లో నోబెల్ వచ్చింది.

మన ఆక్సైడ్ల కుటుంబం వేరు. వీటిని మాంగనైట్లు అంటారు: లాంథనం, కాల్షియం (లేదా స్ట్రాన్షియం, బేరియం), మాంగనీస్, ఆక్సిజన్. 1950లో నెదర్లాండ్స్‌లో యోంకర్, వాన్ సాంటెన్ వీటిలో అయస్కాంత గుణమూ కరెంటు పారడమూ కలిసి వస్తాయని గమనించారు. 1950ల తర్వాత చాలా ఏళ్లు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1993లో పొరల రూపంలో మళ్లీ వెలుగులోకి వచ్చాయి, 1994లో అమెరికాలో జిన్ బృందం లాంథనం-కాల్షియం మాంగనైట్ పొర మీద 77 కెల్విన్ దగ్గర, 6 టెస్లా క్షేత్రంలో 1,27,000 శాతం మార్పు అని ప్రకటించింది. ఆసుపత్రిలో పెద్ద ఎంఆర్‌ఐ మిషన్ 3 టెస్లా ఉంటుంది, దానికి రెట్టింపు ఇది. మన దేశంలో బెంగళూరులో సి.ఎన్.ఆర్. రావు బృందం కూడా ఆ రోజుల్లో ఈ మాంగనైట్ల మీద చాలా పనిచేసింది.

మరి వందకు మించిన శాతం ఏమిటి? ఇక్కడే జనం మోసపోతారు. రెసిస్టెన్స్ 1271 నుంచి 1కి పడిందనుకోండి. తగ్గింది 1270. దాన్ని మొదటి విలువతో, 1271తో, భాగిస్తే 99.92 శాతం. చివరి విలువతో, 1తో, భాగిస్తే 1,27,000 శాతం. రెండూ వాడుకలో ఉన్న లెక్కలే, రెండూ ఒకే కొలతకు రెండు పేర్లు. మొదటి పద్ధతిలో ఎంత చచ్చీ చెడీ 100 దాటదు, రెండో దానికి పైకప్పే లేదు. కాబట్టి ఎవరైనా శాతం చెప్పగానే "దేంతో భాగించావు?" అని అడగాలి, తర్వాత "ఏ టెంపరేచర్లో, ఎంత క్షేత్రంలో?" అని అడగాలి. మేము ఎప్పుడూ "ఎంత శాతం?" దగ్గరే ఆగిపోయేవాళ్లం, మా రోజుల్లో వైవాలు అలా గడిచిపోయాయి.

## ఓరవాకిలి, నులకమంచం

అయస్కాంతం పెడితే ఎందుకు తగ్గాలి? లాంథనం మూడు ప్లస్, ఆక్సిజన్ ఒక్కొక్కటి రెండు మైనస్, మూడు ఆక్సిజన్లకు ఆరు మైనస్. లెక్క సరిపోవాలంటే మాంగనీస్ మూడు ప్లస్ కావాలి. ఇప్పుడు ప్రతి మూడు లాంథనాల్లో ఒకదాన్ని తీసి రెండు ప్లస్ కాల్షియం పెడితే, ఆ లోటు పూడ్చడానికి ప్రతి మూడు మాంగనీసుల్లో ఒకటి నాలుగు ప్లస్ అవుతుంది. అంటే దాని దగ్గర ఒక ఎలక్ట్రాన్ తక్కువ, ఒక కుర్చీ ఖాళీ. పక్కనున్న మూడు ప్లస్ మాంగనీస్ నుంచి ఎలక్ట్రాన్ ఆక్సిజన్ మీదుగా ఆ కుర్చీలోకి దూకొచ్చు.

దూకేటప్పుడు ఒక షరతు. ఎలక్ట్రాన్‌కు స్పిన్ అనే చిన్న బాణం ఉంటుంది, ప్రతి మాంగనీస్‌కూ తన సొంత బాణం ఉంటుంది. ఎలక్ట్రాన్ తన దిక్కు మార్చుకోకుండా దూకుతుంది, కానీ వెళ్లిన చోట ఆ ఇంటి బాణంతో కలిసిపోవాలి. రెండు బాణాలూ ఒకే దిక్కున ఉంటే తలుపు బార్లా తీసినట్టు. మధ్యలో 120 డిగ్రీల కోణం ఉంటే దూకుడు బలం సగం, ఓరవాకిలి. పూర్తిగా ఎదురెదురైతే గడియ పడినట్టే. 1951లో జీనర్ చెప్పిన డబుల్ ఎక్స్ఛేంజ్ సారం ఇదే. అయస్కాంత క్షేత్రం బాణాలను ఒక దిక్కుకు తిప్పుతుంది, తలుపులు తెరుచుకుంటాయి, రెసిస్టెన్స్ పడిపోతుంది.

బాగుంది, కానీ సరిపోలేదు. 1995లో మిల్లిస్, లిటిల్‌వుడ్, ష్రైమన్ లెక్కేసి చూపించారు: తలుపుల కథ ఒక్కటే అయితే రెసిస్టెన్స్ ఇంత పెద్దగా ఉండకూడదు. ఇంకేదో ఎలక్ట్రాన్‌ను పట్టి ఉంచుతోంది. అదేమిటంటే నులకమంచం. నులక వదులైన మంచంలో పడుకుంటే మనకింద గుంట పడుతుంది చూడండి, లేవాలంటే ఆ గుంటలోంచి పైకెక్కి రావాలి. మూడు ప్లస్ మాంగనీస్ మీద కూర్చున్న ఎలక్ట్రాన్ కూడా చుట్టూ ఉన్న ఆరు ఆక్సిజన్ల గూడును సాగదీసి తన గుంట తానే చేసుకుంటుంది. వేడి ఎక్కువున్నప్పుడు బాణాలు చెల్లాచెదురు, దూకుడు బలం తక్కువ, గుంటలో ఇరుక్కుపోతుంది: పదార్థం ఇన్సులేటర్‌లా నడుస్తుంది. చల్లబరిస్తే బాణాలు ఒకే దిక్కు తీసుకుంటాయి, దూకుడు బలం పెరిగి గుంట లెక్కలోకి రాదు: లోహంలా నడుస్తుంది. ఈ రెంటికీ మధ్య, మారే చోట, రెసిస్టెన్స్ కొండలా లేచి దిగుతుంది. ఆ శిఖరాన్నే పీక్ అంటారు.

కాల్షియం రకంలో ఆ పీక్ మామూలుగా 260 కెల్విన్ పరిసరాల్లో, అంటే మంచు గడ్డకట్టే చోటికి కొంచెం కింద. స్ట్రాన్షియం రకంలో 370 దగ్గర, మన తిరుపతి మే నెల 42 డిగ్రీలు కూడా (315 కెల్విన్) దానికి చాలా కింద. మరి మామూలు గదిలో పనిచేసే స్ట్రాన్షియం రకమే వాడొచ్చు కదా అంటే, పీక్‌కు దూరంగా మార్పు చిన్నదైపోతుంది. మార్పు పెద్దదయ్యే కొద్దీ అది ఇరుకు టెంపరేచర్ పరిధిలోనే ఉంటుంది, దానికి తోడు టెస్లాల్లో క్షేత్రం కావాలి. హార్డ్ డిస్కుల దాకా ఇవి ఎందుకు రాలేదో ఇంతకంటే చెప్పక్కరలేదు.

## స్వర్ణముఖి మడుగులు

ఇంకో మెలిక ఉంది. పొర మొత్తం ఒకేసారి లోహంగానో ఇన్సులేటర్‌గానో మారదు. 1990ల చివర ఉయెహారా, చియోంగ్ మొదలైనవాళ్లు, సిద్ధాంతం వైపు డగోటో లాంటివాళ్లు గట్టిగా చెప్పిన మాట: రెండూ పక్కపక్కనే ముక్కలు ముక్కలుగా ఉంటాయి.

ఏడాదిలో ఎక్కువ నెలలు స్వర్ణముఖి అంటే ఇసుకే. కార్తీకం వానలు మొదలైనప్పుడు ముందు అక్కడక్కడ మడుగులు కడతాయి. మడుగు ఎంత పెద్దదైనా పక్క మడుగును తాకనంతవరకు నీళ్లు దిగువకు పోవు. ఒక్క వాన ఎక్కువ పడితే చివరి గట్టు తెగి మడుగులన్నీ కలిసిపోయి ఏరు పారుతుంది, నీళ్ల మొత్తం పెరిగింది కొంచెమే అయినా. లోహపు మడుగులు, ఇన్సులేటర్ ఇసుక: పీక్ దగ్గర పొర ఇలాగే ఉంటుంది. చిన్న తోపుకు పెద్ద మార్పు రావడానికి కారణం ఆ చివరి గట్టు. ఆ తోపు అయస్కాంతానిది కావచ్చు, వేడిది కావచ్చు, కరెంటుది కూడా కావచ్చు. గొడవంతా ఇక్కడే.

## కరెంటు పని చేసిందా, వేడి పని చేసిందా

కరెంటు పెంచితే రెసిస్టెన్స్ మారడానికి ఎలెక్ట్రోరెసిస్టెన్స్ అని పేరు. 1997లో జపాన్‌లో అసమిత్సు, టోకురా బృందం ప్రసియోడిమియం-కాల్షియం మాంగనైట్ స్ఫటికంలో కరెంటుతోనే ఇన్సులేటర్ స్థితిని కూల్చి చూపించాక దీని మీద మోజు పెరిగింది.

మా వాడి సంగతికి వద్దాం. గుండ్రటి అంకెలతో చెప్తాను, నిజం అంకెలు వాడి థీసిస్‌లో ఉంటాయి. పీక్ దగ్గర తక్కువ కరెంటుతో 12 కిలోఓములు, 1 మిల్లీఆంపియరుతో 9. తగ్గుదల 25 శాతం.

1 మిల్లీఆంపియరు అంటే ఏముంది అనిపిస్తుంది, ఫోన్ ఛార్జర్ అంతకు వెయ్యి రెట్లు ఇస్తుంది. కానీ దారి ఎంత సన్నదో చూడండి. ఇంట్లో 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగలో 10 ఆంపియర్లు పోతే చదరపు సెంటీమీటరుకు దాదాపు 670 ఆంపియర్లు. మా వాడి పొరలో 1 మిల్లీఆంపియరే చదరపు సెంటీమీటరుకు 20,000. ముప్ఫై రెట్లు. అదీ రాగిలో కాదు, దానికంటే ఎన్నో రెట్లు అడ్డుపడే ఆక్సైడ్‌లో. ఖర్చయ్యే పవరు 9 మిల్లీవాట్లు, చెప్పుకోవడానికే సిగ్గు, కానీ అది పడే చోటు ఎంత? 50 మైక్రాన్లు ఇంటూ 100 మైక్రాన్లు. చదరపు సెంటీమీటరుకు లెక్కేస్తే 180 వాట్లు. 2,000 వాట్ల ఇండక్షన్ స్టవ్ మీద 18 సెంటీమీటర్ల గిన్నె అడుగుకు వచ్చేది 8 వాట్లు. పొర కాలిపోదు, కింద స్ఫటికం వేడిని లాగేస్తూ ఉంటుంది కాబట్టి. కానీ కొన్ని డిగ్రీలు వేడెక్కడం ఖాయం, పైగా థర్మామీటరు స్ఫటికం కింద ఎక్కడో ఉంటుంది, పొర వేడి దానికి తెలియదు.

అందుకే ఒక వర్గం వాళ్లు "ఇదంతా వేడే బాబూ" అంటారు. వాళ్లను కొట్టిపారేయలేం. పీక్‌కు పైవైపు టెంపరేచర్ పెరిగితే రెసిస్టెన్స్ తగ్గుతుంది, కాబట్టి వేడి ఒక్కటే చాలు, గీత కిందికి దిగుతుంది.

రెండో వర్గం అడిగేది: పీక్‌కు కిందివైపు సంగతేంది? అక్కడ పదార్థం లోహంలా నడుస్తుంది, వేడెక్కితే రెసిస్టెన్స్ పెరగాలి. 200 కెల్విన్ దగ్గర కరెంటు పెంచితే రెసిస్టెన్స్ తగ్గిందంటే, వేడి లెక్క ప్రకారం పొర చల్లబడి ఉండాలి. 9 మిల్లీవాట్లు పోసి చల్లబరిచే విద్య మన దగ్గర లేదు కదా. నాకు ఈ వాదం చాలా ఇష్టం, ఎందుకంటే దీనికి కొత్త పరికరమేదీ అక్కర్లేదు, తక్కువ కరెంటు గీతనే థర్మామీటరుగా వాడుకుని గుర్తు ఎటువైపు ఉందో చూస్తే చాలు.

అయితే ఇదీ పూర్తి భద్రం కాదు. పొర మడుగులు మడుగులుగా ఉంటే ఒక చోట వేడెక్కి కరెంటు పక్కదారి పట్టొచ్చు, నాలుగు చుక్కల మధ్య కనపడే వోల్టేజీ ఆ దారి మార్పును చూపిస్తుంది తప్ప పదార్థం మార్పును కాదు. ఇంకా, ఎక్కువ కరెంటుతో ఒకసారి నడిపాక కొన్ని పొరలు మొదటి స్థితికి తిరిగి రావు, తర్వాతి కొలత వేరే పొర మీద చేసినట్టే.

వేడి కాకపోతే మరి ఏది? ఒకే దిక్కు స్పిన్ ఉన్న ఎలక్ట్రాన్లు ప్రవాహంగా పోతూ దారిలో ఉన్న ఏటవాలు బాణాలను తమ వైపుకు తోస్తాయని ఒక మాట. విద్యుత్ క్షేత్రం మడుగుల మధ్య గట్లను తెంచుతుందని ఇంకో మాట. పొరలో రేణువుల సరిహద్దులుంటే వాటి గుండా ఎలక్ట్రాన్ టన్నెలింగ్‌తో, అంటే అడ్డుగోడ ఎక్కకుండానే అవతలికి చేరి, దాటుతుంది, దానికి ఓమ్ నియమం మొదటి నుంచీ వర్తించదు, వోల్టేజీ పెరిగితే దాటడం సులువవుతుంది. నా అంచనా అడిగితే, ఒక్క కారణమే అన్ని పొరలకూ సరిపోతుందని చెప్పే వ్యాసాన్ని కొంచెం అనుమానంగా చదువుతాను.

## రెండూ ఒకేసారి పెడితే

ఇదే ముక్కను పెద్ద క్షేత్రంలో పెడితే తక్కువ కరెంటుతో 6 కిలోఓములు, ఎక్కువ కరెంటుతో 5.5 వచ్చిందనుకుందాం. కరెంటు తెచ్చిన తగ్గుదల 25 శాతం నుంచి 8కి పడింది. తిప్పి చూసినా అంతే: తక్కువ కరెంటుతో అయస్కాంతం 12ను 6 చేసింది, 50 శాతం, ఎక్కువ కరెంటుతో 9ను 5.5 చేసింది, 39 శాతమే. ఒకదాని ప్రభావాన్ని ఇంకోటి తినేస్తోంది.

మడుగుల పక్షం దీన్ని తన సాక్ష్యంగా చూపిస్తుంది: గట్లు అయస్కాంతమే తెంచేశాక కరెంటుకు తెంచడానికి ఏం మిగిలింది? వినడానికి బాగుంటుంది. కానీ వేడి పక్షం కూడా ఇదే అంకెలు చూపిస్తుంది. అదే కరెంటుకు రెసిస్టెన్స్ తక్కువైతే పవరూ తక్కువ, 9 మిల్లీవాట్లు కాస్తా 5.5 అయ్యాయి, వేడెక్కడం తగ్గింది, తేడా తగ్గింది. ఒకే అంకెలు, రెండు పక్షాలకూ సాక్ష్యం! అందుకే కరెంటు ఒకే చోట నిలిపి పోల్చే గ్రాఫుల కన్నా పవరును ఒకే చోట నిలిపి పోల్చే గ్రాఫు మేలు, అది వేసిన పేపర్లు నాకు తక్కువే తగిలాయి.

## కరెంటు ఆపినా గుర్తుండిపోయే రకం

మెమరీ చిప్పుల వార్తల్లో కనపడేది ఇంకో సంగతి, రెంటినీ కలపొద్దు. 2000లో హ్యూస్టన్‌లో లియు, వూ, ఇగ్నటీవ్ మాంగనైట్ పొర మీద గది టెంపరేచర్లో, అయస్కాంతమేదీ లేకుండా, చిన్న వోల్టేజీ పల్సు కొడితే రెసిస్టెన్స్ మారి అలాగే ఉండిపోతుందని, ఎదురు పల్సు కొడితే వెనక్కి వస్తుందని చూపించారు. ఇక్కడ స్పిన్‌లకు పెద్ద పని లేదు. ఎలక్ట్రోడ్ ఆనుకున్న చోట ఆక్సిజన్ ఖాళీలు (ఆక్సిజన్ ఉండాల్సి కూడా లేని చోట్లు) అటూ ఇటూ జరగడమే కారణమని ఎక్కువమంది ఒప్పుకుంటారు. 2008లో హెచ్‌పీ ల్యాబ్ టైటానియం ఆక్సైడ్‌తో చేసి మెమ్రిస్టర్ (గుర్తుపెట్టుకునే రెసిస్టర్) అని ప్రకటించిందీ ఈ ఆక్సిజన్ ఖాళీల కథే. మా వాడి రెండు గీతలు కరెంటు తగ్గించగానే మళ్లీ కలిసిపోతున్నాయి, కాబట్టి వాడిది ఈ రకం కాదు.

వైవాకు మూడు రోజుల ముందు వాడు కరెంటును ఆపకుండా పంపడం మానేసి, మిల్లీసెకను పల్సులుగా, మధ్యలో బాగా గ్యాప్ ఇచ్చి కొలిచాడు. పీక్‌కు పైవైపు రెండు గీతలూ దాదాపు కలిసిపోయాయి, అంటే అక్కడున్నది చాలావరకు వేడే. కిందివైపు మాత్రం సన్నటి ఖాళీ ఇంకా ఉంది. "ఇది నిజం కదా మామా?" అన్నాడు సంబరంగా. మిల్లీసెకనులో స్ఫటికం మొత్తం వేడెక్కదు గానీ ఆ 50 మైక్రాన్ల దారి వేడెక్కడానికి అది బోలెడు టైము, మైక్రోసెకను పల్సులతో చూడరా అన్నాను. వాళ్ల మీటరు అంత వేగంగా కొట్టదట, పైగా నత్రజని కూడా అయిపోయింది, మళ్లీ క్యాన్ వచ్చేది సోమవారమే.